చకిర్‌కి జవాబు

గిరెసున్, నవంబర్ 3

ఒరేయ్ వెదాత్,

నీ చకిర్‌గాడు బట్టలిప్పేసుకుంటున్నాడు. నవ్వకు, ఉన్నమాటే రాస్తున్నా. పొద్దున్నే పంజరం కింద కాగితం తీస్తే గుప్పెడు బూడిదరంగు ఈకలు. వాటంతట అవి రాలినవైతే నేనూ ఊరుకుందును. వీడు ముక్కుతో పట్టి లాగేస్తున్నాడు. మొదట తొడల దగ్గర, ఇప్పుడు రొమ్ము మీద. తలకాయకి ముక్కు అందదు కాబట్టి అక్కడ ఒక్క ఈకా పోలేదు. పైనుంచి చూస్తే దొర, కిందనుంచి చూస్తే పులుసుకి సిద్ధం చేసిన కోడి.

సెప్టెంబర్లో నువ్వు దింపి వెళ్లినప్పుడు పట్టుబట్టలా నిగనిగలాడేవాడు. "దుకాణం పైకప్పు మరమ్మతు పెట్టానక్కా, ఆ దుమ్ము వీడికి పడదు, రెండు నెలలు ఉంచుకో" అన్నావు. ఒక్క రాత్రి పడుకుని పారిపోయావు. అప్పటికే నీ గొంతు బొంగురుగా ఉంది. కషాయం తాగమన్నా, తాగావో లేదో.

ఫోన్ చేస్తే ఎత్తవు. మూడుసార్లు చేశా. మూడుసార్లూ పక్క టీకొట్టు ఓర్హాన్ ఎత్తి, "వెదాత్ అన్న ఇప్పుడే బయటికెళ్లాడు అక్కగారూ" అన్నాడు. నువ్వు ఎప్పుడూ బయటే ఉంటే ఊరి పక్షులకి గింజలెవరు అమ్ముతున్నారు?

ముప్పయ్యేళ్లుగా అందరి పిట్టలకీ చిట్కాలు చెప్తున్నావు. నీ చిలక్కీ ఒకటి చెప్పు. పదకొండేళ్లు పెంచినవాణ్ని నా చేతుల్లో పెట్టావు, వాడు బోడిగా చచ్చిపోతే నీకు నా మొహం ఎలా చూపించను?

ఈ ఉత్తరం హేజల్‌నట్ల పెట్టెలో పెట్టి ఇస్తాంబుల్ బస్సు డ్రైవర్‌కి ఇస్తున్నా. జవాబు కూడా అతనితోనే పంపు.

నీ అక్క సానియె


ఇస్తాంబుల్, ఉస్కుదార్, నవంబర్ 9

సానియె అక్కా, నీ చేతులు ముద్దుపెట్టుకుంటున్నా.

ముందు ఫోన్ సంగతి. గోడలు కొడుతుంటే ఇక్కడ మనిషి మాట మనిషికి వినపడట్లేదు, అంతే. ఉత్తరమే మేలు. దుకాణంలో కంప్యూటర్ పెట్టాగా, రెండు వేళ్లతో మొదలుపెట్టి ఇప్పుడు నాలుగు వేళ్లతో పరిగెత్తిస్తున్నా. తప్పులుంటే సర్దుకుని చదువుకో, వెనక్కి చూసే అలవాటు లేదు నాకు.

చకిర్ సంగతి. భయపడకు. ఈక ఊడినచోట చర్మం చెడకపోతే మళ్లీ మొలుస్తుంది. ఇలాంటివాళ్లు నా దగ్గరికి వారానికొకరు వస్తారు. మొన్న ఒకావిడ, "మా చిలుక ఈకలు పీకేసుకుంటోంది, అంటించడానికి జిగురుందా?" అంది. ఏం చెప్తాం!

ఈకలు పీక్కునే పక్షి ఏదో చెప్తోందన్నమాట. ఏంటన్నది మనం వెతుక్కోవాలి. మొట్టమొదట డాక్టర్. పురుగా, చర్మం పుండా, లోపల లివర్ పాడైందా, అది తేలకుండా మిగతావి మాట్లాడుకోవడం దండగ. రెండోది తిండి. నువ్వు సాయంత్రాలు టీవీ చూస్తూ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతుంటావు, వాడికీ పెడుతుంటావు, నాకు తెలుసు. మానెయ్. అది వాడికి రోజూ బక్లావా మిఠాయి తిన్నట్టు. ఉడికించిన పప్పు, క్యారెట్, ఎర్ర క్యాప్సికం పెట్టు. విసిరికొడతాడు. కొట్టనీ, మళ్లీ పెట్టు. మూడోది నీ బొగ్గు పొయ్యి. గది ఎండిపోతే చర్మం దురద పెడుతుంది. పొయ్యికి దూరంగా జరుపు, రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్లు సన్నగా చల్లు, వానలా పడాలి, మొహం మీద కాదు. నాలుగోది నిద్ర. రాత్రికి పన్నెండు గంటలు చీకటి, నిశ్శబ్దం.

ఇంకోటి, నీ ఇంటికి ఎవరెవరు వస్తారు, వాణ్ని ఎవరు ముట్టుకుంటారు, ఏ వేళకి ఎక్కువ పీక్కుంటాడు? అన్నీ రాయి.

గింజల సంచీతో పాటు నమలడానికి చెక్కముక్కలు పంపుతున్నా.

వెదాత్


గిరెసున్, నవంబర్ 28

ఒరేయ్ తమ్ముడూ,

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. చేపలబుట్టలో తువ్వాలు పరిచి, బుట్ట నా కోటు కింద దాచి. ఆయన ఆవుల డాక్టరు. మూతతీసి చూసి, "అమ్మా, దీని పాలు తగ్గాయా?" అన్నాడు. వేళాకోళం ఆడినా మంచివాడే, రక్తం తీసి త్రబ్జోన్ ల్యాబుకి పంపించాడు. పురుగు లేదు, లివర్ బాగానే ఉంది. "మనసులోనో ఇంట్లోనో ఉంది గొడవ" అన్నాడు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. అంటే గొడవ నాతోనేగా?

పొద్దుతిరుగుడు గింజలు మానేశాం, నేనూ మానేశా, వాడి ముందు కొరకలేక. క్యారెట్ నా మొహాన కొట్టాడు. నాలుగోరోజు తిన్నాడు.

ఎవరొస్తారని అడిగావు. పెళ్లిళ్ల కాలం, పెళ్లికూతుళ్ల దుప్పట్లు కుట్టించుకోవడానికి రోజూ ఆరేడుగురు ఆడవాళ్లు వస్తారు. గుమ్మంలోనే అందరి చేతుల్లో నిమ్మ కొలోన్ సెంటు పోస్తా, మర్యాద తప్పదుగా, తర్వాత మిఠాయి, తర్వాత కొలతలు. వాళ్లు చేతులు రుద్దుకుంటూ తిన్నగా చకిర్ దగ్గరికే పోతారు. మెడ గోకుతారు, రొమ్ము నిమురుతారు. వాడూ మెడ వంచి ఇస్తాడు, సిగ్గులేనివాడు.

వాడి వల్ల నా పరువు పోయింది, విను. మా వీధి హాజెర్ వచ్చింది. నేను లోపల దూది దులుపుతున్నా. ఆమెకి పక్కగదిలోంచి మగగొంతు వినిపించింది: "రా రా, కూర్చో, టీ తాగుతావా?" అని. అచ్చు నీ గొంతు. ఆమె కూర్చుంది కూడా! ఎవరూ రాకపోయేసరికి మెల్లగా లేచి వెళ్లిపోయింది. సాయంత్రానికల్లా వీధంతా సానియె ఇంట్లో ఎవడో ఉన్నాడని. మీ బావ పోయి తొమ్మిదేళ్లయింది, ఇప్పుడొచ్చింది నాకు చెడ్డపేరు.

నిజం చెప్పనా, నాకు బాగుంది. నువ్వు పక్కగదిలో ఉన్నట్టే ఉంటుంది. నీలా దగ్గుతాడు. నీలా ఈల వేస్తాడు. మొన్న వంటింట్లోంచి టింగ్ టింగ్ టింగ్ అని గ్లాసులో చెంచా తిప్పిన చప్పుడు. షుగరొచ్చాక నేను టీలో పంచదార వేసుకోవడమే మానేశా, ఈ ఇంట్లో చెంచా తిప్పేవాళ్లెవరు? పరిగెత్తుకెళ్లి చూస్తే వాడే, నోటితో.

చలికి వణుకుతున్నాడని ఒక చొక్కా కుట్టా. ఎర్ర సాటిన్, లోపల పలచగా దూది, వెనకాల గుండీలు. పెళ్లికొడుకులా ఉన్నాడు. చొక్కా ఉంటే పీక్కోలేడుగా?

సానియె


ఇస్తాంబుల్, డిసెంబర్ 5

అక్కా అక్కా అక్కా,

దొరికింది! నీ ఉత్తరం చదువుతూ కుర్చీలోంచి లేచా. కొలోన్! రోజుకి ఆరేడుగురు చేతులు తడితడిగా కొలోన్‌తో వాడి చర్మం నిమురుతుంటే వాడికి మంట పెట్టదా? అది సారాయి నీళ్లే కదా. పైగా ముక్కుతో సర్దుకుంటాడు, ఆ చేదు నోట్లోకి పోతుంది. పీకి పారెయ్యడం తప్ప ఏం చేస్తాడు పాపం? నాకెందుకు తట్టలేదో! నా దుకాణంలో కొలోన్ సీసా ఉండదు మరి. ముప్పయ్యేళ్లలో ఎవరికైనా చెప్పానా "కొలోన్ చేత్తో ముట్టుకోవద్దు" అని? లేదు. మనకది గాలి లాంటిది, ఎవరికీ కనపడదు.

ఇవాళ్టినుంచి ముట్టుకునేవాళ్లు సబ్బుతో చెయ్యి కడుక్కోవాలి. కొలోన్ పోస్తే పక్షి జోలికి పోకూడదు. నువ్వూ అంతే.

చొక్కా విప్పెయ్. కోప్పడకు, నువ్వు కుట్టిందంటే బాగానే ఉంటుంది. కానీ దురద కింద దాచిపెడితే పోదు, గుండీలు మింగితే ఇంకో గొడవ. ఫోటో తీసి మాత్రం పంపు.

వాడికి పని కల్పించు. తిండి గిన్నెలో పెట్టకు. కాగితంలో చుట్టు, అట్టపెట్టెలో దాచు, హేజల్‌నట్ పెంకుల గుట్టలో కలుపు. అడవిలో అయితే రోజంతా వెతుక్కుని తింటాడు. గిన్నెలో పోస్తే అయిదు నిమిషాల్లో తినేసి మిగతా రోజంతా తన్ను తాను తింటాడు. పీక్కుంటుంటే అరుచుకుంటూ పరిగెత్తకు, పీకితే అక్క వస్తుందని నేర్చుకుంటాడు. ఊరికే ఉన్నప్పుడే వెళ్లి పలకరించు. కొత్త ఈకలు ముళ్లలా లేస్తాయి, వాటిలో రక్తం ఉంటుంది, గిల్లకు.

ఏ వేళకి పీక్కుంటాడో రాయలేదు నువ్వు.

ఒక మాట. నా గొంతు అచ్చు నాలాగే ఉందా వాడిలో? హాజెర్‌కి నిజంగా మనిషే అనిపించిందా? ఊరికే అడుగుతున్నా.

వెదాత్


గిరెసున్, జనవరి 19

తమ్ముడూ,

మొలిచాయి! తొడల మీద, రెక్కల కింద ముళ్లు ముళ్లుగా లేచాయి, విచ్చుకుంటున్నాయి. గుమ్మంలో సబ్బూ నీళ్లూ పెట్టా. ఆడవాళ్లు మొహాలు ముడుచుకున్నారు, "మా చేతులు మురికా సానియె?" అని. కొలోన్ పొయ్యని ఇల్లని నన్ను ఊరంతా ఆడిపోసుకుంటోంది. ఆడిపోసుకోనీ.

కానీ రొమ్ము మీద మాత్రం నిలవట్లేదు. వేళ అడిగావుగా, కనిపెట్టా. అయిదింటికి. రోజూ సాయంత్రం అయిదింటికి. బయట చీకటి పడుతుంటే కర్ర చివరికి వచ్చి కూర్చుని నీ గొంతుతో, "ఏరా చకిరూ, ఇవాళ ఎవరొచ్చారు?" అంటాడు. తల ఒక పక్కకి వంచుతాడు. వింటాడు. నిజంగా వింటాడురా, ఊపిరి బిగపట్టినట్టు. మళ్లీ అడుగుతాడు. మళ్లీ వింటాడు. మూడోసారి అడగడు. ముక్కు రొమ్ములోకి పోతుంది.

నేను జవాబు చెప్పి చూశా. "హాజెర్ వచ్చిందిరా, ఆమె కోడలొచ్చింది" అని పేర్లన్నీ చెప్పా. నావైపు వీపు తిప్పి కూర్చున్నాడు.

నువ్వు ఒక్కసారి ఫోన్ చెయ్యి. అయిదింటికి. ఫోన్ పంజరానికి ఆనిస్తా. ఒక్క నిమిషం మాట్లాడు, నీ సొమ్మేం పోతుంది? పైకప్పు మరమ్మతు నాలుగు నెలలా? బోస్ఫరస్ మీద ఇంకో వంతెన కడుతున్నావా?

సానియె


ఇస్తాంబుల్, జనవరి 25

అక్కా,

ఫోన్ వద్దు. డబ్బాలోంచి గొంతు వచ్చి మనిషి కనపడకపోతే పక్షి ఇంకా బెంగపడుతుంది.

ఆలోచించా. వాణ్ని నువ్వే ఉంచేసుకో. నీకు అలవాటయ్యాడు. నాకిక్కడ కుదరదు. గింజలు నెలనెలా పంపుతా.

వెదాత్


గిరెసున్, ఫిబ్రవరి 2

వెదాత్,

ఉత్తరం రెండుసార్లు చదివా. ఇంత పొట్టిగా రాయడం నీకెప్పుడు వచ్చింది? చిన్నప్పుడు ఉప్పు తెమ్మని పంపితే దారిలో కనపడ్డవాళ్ల కథలన్నీ చెప్పి ఉప్పు మర్చిపోయేవాడివి.

నిన్న అయిదింటికి రక్తం వచ్చింది. ఈక అయిపోయింది, చర్మం దొరికింది వాడికి. డాక్టర్ మందు పూసి, "ఇంకోసారి ఇలా అయితే పుండు లోపలికి పోతుందమ్మా, చిన్న ప్రాణం, తట్టుకోదు" అన్నాడు. ఈసారి పాల జోక్ వెయ్యలేదు.

వచ్చే శుక్రవారం బస్సుకి వాణ్ని తీసుకుని వస్తున్నా. రావొద్దంటే ఎందుకో రాయి. నిజం రాయి. నిన్ను ఎత్తుకు పెంచినదాన్ని.

సానియె


ఇస్తాంబుల్, ఫిబ్రవరి 6

అక్కా,

మరమ్మతు పైకప్పుకి కాదు. నాకు.

సెప్టెంబర్ 26న నా గొంతుపెట్టె తీసేశారు. మొత్తం. నీ దగ్గరికి వచ్చిననాటికే తేదీ ఇచ్చేశారు, బొంగురుపోయింది అందుకే. మెడ కింద చిన్న రంధ్రం ఉంది, ఊపిరి దాంట్లోంచే. రోగం పోయింది, డాక్టర్లు బాగుందంటున్నారు, దానికి భయం లేదు. మాటే లేదు. ఓర్హాన్ వచ్చి గిరాకీతో మాట్లాడతాడు, నేను పలక మీద రాస్తా. ఫోన్ ఎత్తితే ఏం చెయ్యను, ఊదనా?

బావకి ఇదే వచ్చింది. పద్నాలుగు నెలలు నువ్వు ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నావు. మళ్లీ అక్కడ కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు.

మెడకి ఆనించుకునే మెషీను ఒకటి ఇచ్చారు. గడ్డం గీసే మెషీను మాట్లాడినట్టు ఉంటుంది. ఒకరోజు దుకాణంలో పెట్టి "రండి" అన్నా. కెనరీ పిట్టలన్నీ పంజరం మూలకి పోయి ఒకదానిమీద ఒకటి ఎక్కాయి. సొరుగులో పడేశా.

దుమ్ము పడదన్నది నిజమే, వాడికి కాదు నాకు, వాడి ఈకల దుమ్ము. మెడకి తడిగుడ్డ కట్టుకుంటే ఫరవాలేదని తర్వాత చెప్పారు. కాబట్టి అదీ వంకే. అసలుది రాస్తా. నా గొంతు లోకంలో ఇప్పుడు ఒక్కచోటే ఉంది, వాడి నోట్లో. వాడొచ్చి "ఏరా చకిరూ, ఇవాళ ఎవరొచ్చారు?" అని అడుగుతాడు, రోజూ అయిదింటికి ఓర్హాన్ టీ తెచ్చాక నేను వాణ్ని అడిగే మాట అది. పదకొండేళ్లు అడిగా. వాడు ఈలేసేవాడు, నేను నవ్వేవాణ్ని. ఇప్పుడు నా గొంతుతో వాడు నన్ను అడిగితే, నేను నోరు తెరిచి నిలబడాలి. వాడు తల వంచి వింటాడని నువ్వు రాశావు. ఆ వాక్యం దాటి చదవలేకపోయా ఆరోజు.

వాణ్ని ఉంచేసుకో. బతిమాలుతున్నా.

వెదాత్


గిరెసున్, ఫిబ్రవరి 11

నాయనా,

తిట్టాలని కూర్చున్నా. కాగితం తడిసిపోతోంది, అందుకే తిట్లు దాచుకుంటున్నా, వచ్చాక తిడతా. ఎదురు చెప్పలేవు కూడా, నాకు అదే లాభం.

ఇప్పుడు విను. నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. ఓర్హాన్ టీ అన్నావు చూడు, అక్కడ ఆగా. నువ్వు టీలో రెండు పంచదార బిళ్లలేసి ఆ చెంచాతో గ్లాసు పగలగొట్టేలా తిప్పుతావు. నాన్న కోప్పడేవారు గుర్తుందా? వాడు అయిదింటికి అడిగి, విని, ఏం వినపడక పీక్కుంటున్నాడు. ఏం వినపడాలి వాడికి? నువ్వు వాడికి పేర్లు చెప్పేవాడివి కాదుగా. అడిగేవాడివి, తర్వాత చెంచా తిప్పేవాడివి.

అయిదింటికి కాచుకుని కూర్చున్నా. వాడు అడిగాడు. తల వంచాడు. నేను ఖాళీ నీళ్ల గ్లాసులో చెంచా వేసి నీలా తిప్పా, మోటుగా, మూడుసార్లు. టింగ్ టింగ్ టింగ్.

వాడు కర్ర దిగి వచ్చాడు వెదాత్. కమ్మీలు పట్టుకుని ఒక్కో అడుగూ దిగి గ్లాసు దగ్గరికి వచ్చాడు. గ్లాసుని చూశాడు, నా చేతిని చూశాడు. పీక్కోలేదు. కానీ నేను నువ్వు కాదని కూడా తెలిసిపోయింది, మళ్లీ పైకెక్కి చీకటిపడేదాకా గుమ్మంవైపు చూస్తూ కూర్చున్నాడు.

చెంచా తిప్పడానికి గొంతు అక్కర్లేదు. శుక్రవారం బస్సు. చేపలబుట్టలో వాడు, పక్కసీట్లో నేను. మెడకి గుడ్డలు నేను కుట్టి తెస్తున్నా, పట్టువి కాదులే, నూలువి, పన్నెండు.

అక్క


ఇస్తాంబుల్, మార్చి 6

సానియె అక్కా,

నువ్వు బస్సెక్కి వారమైంది. ఓర్హాన్ రోజూ అడుగుతున్నాడు, "ఆ తిట్టే అక్కగారు మళ్లీ ఎప్పుడొస్తారు?" అని. ఇల్లు బోసిగా ఉంది.

మొదటిరోజు నువ్వు కావాలనే వంటింట్లోకి పోయి తలుపేసుకున్నావు, నాకు తెలుసు. అందుకే నువ్వు చూడనిది రాస్తున్నా. బుట్ట మూత తీశా. వాడు నా మెడకున్న గుడ్డని చూశాడు, చాలాసేపు. బయటికి రాలేదు. అయిదయింది. అడిగాడు. అక్కా, నా గొంతు బాగుండేది సుమా. అంతకుముందు ఎప్పుడూ వినలేదు దాన్ని బయటినుంచి. నోరు తెరిచా, అలవాటు కదా, ఏమీ రాలేదు. టీ చల్లారిపోతోంది. చెంచా తిప్పా. గ్లాసంతా గోలగోల అయింది. వాడు ఈలేశాడు. తర్వాత నడుచుకుంటూ వచ్చి బల్ల ఎక్కి, గుడ్డ అంచు ముక్కుతో పట్టుకుని సర్దాడు, ఈక సర్దినట్టు. అంతే. అప్పుడే నువ్వు తలుపు తీసి, "ఏడుస్తున్నావా, ఉల్లిపాయలు నేను తరుగుతున్నా కదరా!" అన్నావు.

రొమ్ము మీద అరచేతంత జాగా బోడిగానే ఉంది. డాక్టర్ చూసి అక్కడ ఇక మొలవకపోవచ్చు అన్నాడు. మిగతాచోట్ల నిండుతున్నాయి. ఉండనీ, నాకూ మెడ దగ్గర ఒకటుంది.

దుకాణం తలుపు మీద బోర్డు రాసి పెట్టా: కొలోన్ చేతులతో పక్షుల్ని ముట్టుకోవద్దు. జనం నవ్వుతున్నారు. ఒకాయన మాత్రం ఆగి చదివి, తిరిగి ఇంటికెళ్లిపోయాడు, పరుగులాంటి నడకతో.

నువ్వెలా ఉన్నావు? నీ గురించి ఏమీ రాయవు.

వెదాత్


గిరెసున్, మార్చి 14

తమ్ముడూ,

నా గురించి రాయడానికేముంది. పెళ్లిళ్ల కాలం అయిపోయింది, ఎవరూ రావట్లేదు. కొలోన్ సీసా మళ్లీ గుమ్మంలో పెట్టా, అది నిండుగానే ఉంది. పంజరం ఉన్నచోట నేల మీద గుండ్రంగా తెల్లమచ్చ, ఎంత రుద్దినా పోవట్లేదు. రుద్దడం మానేశా.

ఎర్ర చొక్కా దొరికింది సోఫా కింద. గుండీలు పీకి దాచా, చొక్కా అలాగే ఉంచా.

పక్కగదిలో ఎవరూ దగ్గట్లేదు. మొన్న హాజెర్ అడిగింది, "ఏమే, మీ ఆయన వెళ్లిపోయాడా?" అని. నవ్వా. ఆమె వెళ్లాక టీ పోసుకుని కూర్చున్నా. అయిదయింది. ఏం చేశానో తెలుసా? పంచదార లేని టీలో చెంచా వేసి తిప్పా. మూడుసార్లు.

పిచ్చిదాన్ని.

సానియె


ఇస్తాంబుల్, మార్చి 18

అక్కా,

ఈ ఉత్తరం నీకు అందగానే బస్సు డ్రైవర్ ఓర్హాన్‌కి కబురు చెప్తాడు, ఆరోజే సాయంత్రం అయిదింటికి నీ ఇంట్లో ఫోన్ మోగుతుంది. ఎత్తు. "హలో" అనకు, "ఎవరూ" అనకు, ఊరికే చెవికి పెట్టుకో.

ముందు చెంచా చప్పుడు వినపడుతుంది. అది నేను. తర్వాత "ఏరా చకిరూ, ఇవాళ ఎవరొచ్చారు?" అని వినపడుతుంది. అదీ నేనే, వాడి నోటినుంచి.

అప్పుడు నువ్వు నీ గ్లాసులో చెంచా తిప్పు. వాడు తల వంచి వింటుంటాడు.

వెదాత్